దప్పిక సీమ పటం

కలీముల్లా నీళ్లు లేని ఊరు గీసేవాడు కాదు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో మనలాంటి మనిషే.

అనంతపురంలో బోర్డులు రాసే పనిలో ఆయనది పెద్ద పేరు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. అప్పుడు బెంగళూరు నుంచి ఉదయ్ కుమార్ అనే యువకుడు వెతుక్కుంటూ వచ్చాడు. నలుగురు చుట్టూ కూర్చుని, తలా ఒక వేషం ఎత్తుకుని, మాటలతోనే సాహసాలు చేసే ఆటలను తెలుగులో అచ్చువేస్తాడట. వాటికి ఎక్కడా లేని రాజ్యాల పటాలు కావాలి. రంగులు లేకుండా, ఉత్త నల్ల సిరాతో.

మొదటి పటంలోనే రాక్షసుడి కోట గుమ్మం పక్కన చేతిపంపు వెలిసింది.

"రాక్షసుడికి చేతిపంపు ఎందుకు భాయ్?" అని ఉదయ్ ఫోన్లో మొత్తుకున్నాడు.

"నెత్తురు తాగినాక నోరు కడుక్కోవద్దా అప్పా?"

రెండో పటంలో నిప్పులు కక్కే పాము గుహ ముందు నీళ్ల తొట్టి కట్టించాడు.

"నిప్పులు కక్కేదానికి గొంతు ఎండదా?" అని ఎదురు ప్రశ్న.

ఇంటికి ఎవరు వెళ్లినా ఇదే వరస. చెంబు చేతికిచ్చాకే మాట. మాది పక్కిల్లే. ఒకసారి నేను పరుగెత్తుకుంటూ వెళ్లి, "కలీమూ, నీ మేక బజార్లో సినిమా పోస్టర్ తింటాండాది!" అన్నాను.

"ముందు నీళ్లు తాగన్నా."

నేను తాగేలోగా మేక హీరోను ముగించి విలన్ దాకా వచ్చింది.

పోయిన ఏడాది పెద్ద పని తగిలింది. దప్పిక సీమ అనే ఎడారి పటం. దాన్ని దాటేవాళ్లు దాహంతో పడిపోవాలి. ఆట రుచంతా అందులోనే ఉంది. కలీముల్లా దాన్నిండా బావులు గీసి పంపాడు. ఉదయ్ బస్సెక్కి వచ్చేశాడు.

"ముందు నీళ్లు తాగప్పా."

"నాకు నీళ్లు వద్దు భాయ్! ఈ బావులు తీసేయండి. లేకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాను."

కలీముల్లా ముఖం చిన్నబోయింది. "పిల్లోళ్లు గూడా ఆడతారు గదప్పా. దోవ తప్పితే యాడికి పోతారు?"

"చస్తారు. ఉత్తుత్తికే కదా!"

"ఉత్తుత్తికైనా దప్పిక దప్పికే."

లోపలి నుంచి ఆయన భార్య షీరీన్ కేక వేసింది. "ఆయప్ప చెప్పినట్టు చెయ్యి! ఉండే పని ఇదొక్కటే."

వారం రోజులు కలీముల్లా బల్ల దగ్గర్నుంచి లేవలేదు. బావులన్నీ ఇసుక చుక్కలతో పూడ్చేసి, కొత్త పటం పంపాడు. నాకు మాత్రం చూపించలేదు. "అచ్చయినాక చూద్దువులే అన్నా" అన్నాడు.

అచ్చు కాకముందే, ఎండలు ముదురుతున్న రోజుల్లో, గుండె ఆగి పోయాడు. మనిషి పోయినదానికంటే, బావుల్లేని పటమే ఆయన చివరి పటం అయిందే అని నాకు దిగులుగా ఉండేది.

మొన్న ఉదయ్ అచ్చయిన పటం తీసుకుని షీరీన్ దగ్గరికి వచ్చాడు. ఆమె నన్నూ పిలిపించింది.

"కళ్యాణదుర్గంలో పిల్లలతో ఆడించి చూశాను సార్. ఒక్కరూ చావలేదు!" అన్నాడు ఉదయ్, ఏడుపు ముఖంతో.

"ఏం?"

"ఆటలో అందరికీ ప్రాణం పోయే సమయానికి సువర్ణ అనే పాప ఇసుక మీద వేలు పెట్టి, ‘ఈడ బావి ఉండాది’ అంది. ఎక్కడుందమ్మా అంటే, ‘పావురాలు నేల్లోంచి లేస్తాండాయి కద సార్, కనపల్లేదా?’ అని నన్నే ఎగతాళి చేసింది. పిల్లలందరూ అవునంటే అవునన్నారు. ఆ పావురాల్ని భాయ్ అందం కోసం గీశారనుకున్నాను సార్!"

మా వైపు పాత బావుల రాళ్ల సందుల్లో పావురాలు గూళ్లు పెడతాయి. దూరానికి బావి కనిపించదు. నేలలోంచి ఎగిరే పావురాలే కనిపిస్తాయి. కళ్లద్దాలు పెట్టుకుని పటం చూశాను. ఎడారి పొడవునా, చిన్నపిల్లలు నడవగలిగినంత దూరానికొకచోట, వట్టి ఇసుకలోంచి పావురాలు లేస్తున్నాయి.

షీరీన్ వంగి చాలాసేపు చూసింది. "మన అనంతపురంలో గూడా ఇన్ని నీళ్లు లేవు గదన్నా" అంది.

"మళ్లీ అచ్చువేసేటప్పుడు వీటిని తీసేస్తావా?" అని ఉదయ్‌ని అడిగాను.

అతను నోరు తెరిచేలోగా షీరీన్ చెంబు అందించింది.

"ముందు నీళ్లు తాగప్పా."

ఈసారి ఉదయ్ గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, "ఉండనీండి, ఆటే మార్చుకుంటాను" అంటూ ఖాళీ చెంబు మళ్లీ చాపాడు.