గేరు రాడ్డు మీద చెయ్యి

ఓరిన్ స్ట్రౌడ్ గురించి రాయడానికి టెనెసీ తూర్పు కొండల్లో నాకంటే తగినవాడు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. నేను చదివింది మా ఊరి ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి వరకే. అయినా చేతి గేర్ల బండ్ల పోటీలో వరసగా మూడేళ్ళు జిల్లా కప్పు ఇంటికి తెచ్చినవాణ్ణి. ఆ తర్వాత, రెండేసి బండ్లు పక్కపక్కన దూకే మా పావు మైలు ట్రాక్ దగ్గర పచ్చలైటు మీట నా చేతిలోనే ఉండేది, మోకాళ్ళు మొరాయించేదాకా. కప్పులు మా ముందు గదిలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. అన్నేళ్ళలో ఎంతోమంది గేర్లు మార్చడం చూశాను గానీ ఓరిన్‌లా మార్చినవాణ్ణి చూడలేదు. అయితే నేను ఇక్కడ రాస్తున్నది అతను తల దించుకున్న సంగతి. అది వదిలేసి రాస్తే ఓరిన్ కూడా ఒప్పుకోడు.

ఓరిన్ సాక్సుల మిల్లులో అల్లిక యంత్రాలు బాగుచేసేవాడు. సన్నటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. నీలం రంగు కారు ఒకటి ఉండేది. వారమంతా దానిలోనే మిల్లుకి వెళ్ళేవాడు, శనివారం దాన్నే ట్రాక్ మీదికి తెచ్చేవాడు.

రోడ్డు మీద బండి నడిపేవాళ్ళు గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తారు. పోటీలో తీయరు. కుడికాలు నేలకి అదిమినది అదిమినట్టే ఉంటుంది. ఎడమకాలితో క్లచ్‌ని ఒక్క తన్ను తన్ని, అది పూర్తిగా దిగకముందే గేరు వేసెయ్యాలి. ఒకటి నుంచి రెండుకి వెనక్కి లాగడం ఎవడైనా చేస్తాడు. రెండు నుంచి మూడుకి వెళ్ళే చోటే పరువులు పోతాయి. పిడికిలి బిగించి తోస్తే రాడ్డు దారి తప్పి ఎక్కడో ఇరుక్కుంటుంది, ఇంజను గొంతు చించుకుంటుంది. వేళ్ళు విప్పి అరచేత్తో తోస్తే దాని దారి అదే చూసుకుంటుంది. ఈ కిటుకు నాకు తెలియడానికి రెండు ఇంజన్లు పోయాయి. ఓరిన్‌కి పుట్టుకతోనే తెలిసినట్టుండేది. అతను గేరు మారిస్తే చప్పుడులో సందు ఉండేది కాదు.

ఇలా కాలు తియ్యకుండా మారిస్తే లోపల సామాను అరుగుతుంది. పళ్ళ మొనలు మొద్దుబారతాయి, ఇత్తడి రింగులు పలచబడతాయి. అందుకే బండి తోలేవాడి వెనక గేరు బాక్సు కట్టేవాడు ఒకడు ఉండాలి. ఓరిన్‌కి ఆ మనిషి సొంత బావే. ఓరిన్ అక్క వెల్డాని చేసుకున్న డెల్మర్ పగ్. ఇంటి వెనక రేకుల షెడ్డులో, రింగుల మీద ఒక పన్ను ఉంచి ఒక పన్ను రుద్దేసి, గేరు చటుక్కున దొరికేలా కట్టేవాడు. చుట్టుపక్కల లోయలన్నిటి నుంచీ గేరు బాక్సులు ఆ షెడ్డుకే వచ్చేవి. అదే వాళ్ళ బతుకు. డెల్మర్‌కి నోరెక్కువ. ఎవరినీ వదిలేవాడు కాదు, బావమరిదిని అసలే వదిలేవాడు కాదు.

ఓరిన్‌కి ఒక చెడ్డ అలవాటు ఉంది. మిల్లుకి వెళ్ళేటప్పుడు ఎడమ మోచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, కుడిచెయ్యి గేరు రాడ్డు తెల్ల పిడి మీద వాల్చి, రాజుగారిలా కూర్చునేవాడు.

"ఒరే బామ్మర్దీ, అది గేరు రాడ్డురా, పెళ్ళాం భుజం కాదు. గేరు పడ్డాక చెయ్యి తీసెయ్" అనేవాడు డెల్మర్.

"నా చెయ్యి బరువెంత బావా? పిల్లి బరువు కూడా ఉండదు."

"ఆ పిల్లే రోజూ లోపల నా ఫోర్కుని కొరుక్కు తింటోంది."

ఫోర్కంటే రెండు వేళ్ళున్న కంచు ముక్క. రాడ్డు చెప్పినట్టు విని, లోపల తిరిగే పట్టీని గేరు మీదికి జరుపుతుంది. గేరు పడ్డాక దానికి పని లేదు, ఊరికే ఉండాలి. పైన చెయ్యి వాలిస్తే మాత్రం ఆ వేళ్ళు తిరిగే పట్టీకి ఒరుసుకుంటూనే ఉంటాయి. ఒక పక్క బాగా అరిగిందంటే ఆ పక్క గేరు పూర్తిగా పడదు. బలం పడగానే ఊడి బయటికొస్తుంది.

డెల్మర్ చెప్పిన ప్రతిసారీ ఓరిన్ నవ్వి చెయ్యి తీసేవాడు. మలుపు తిరగ్గానే మళ్ళీ పెట్టేవాడు.

ఆ ఏడు ఆఖరి పోటీ రోజు ట్రాక్ అంచునున్న మేపుల్ చెట్లు ఎర్రగా మారి ఉన్నాయి. ఫైనల్లో ఓరిన్‌కి ఎదురు నిలబడ్డవాడు కరొలినా నుంచి వచ్చిన హోయ్ట్ లెడ్‌ఫోర్డ్. పచ్చలైటు వేసింది నేనే. ఓరిన్ ముందు దూకాడు. రెండు, మూడు, వెన్నలా పడ్డాయి. నాలుగు పడింది. సగం బండి పొడుగు ముందున్నాడు. అప్పుడు ఇంజను ఒక్కసారిగా కీచుమంది, బండి జారుతున్నట్టు మందగించింది. నాలుగో గేరు ఊడి వచ్చేసింది. హోయ్ట్ పక్కనుంచి దాటిపోయాడు.

పోటీ అయ్యాక ఇద్దరి చేతికీ మైకు ఇవ్వడం మా దగ్గర మామూలే. హోయ్ట్ పెద్దమనిషిలాగే మాట్లాడాడు. ఓరిన్ ముఖం నల్లబడి ఉంది. మైకు తీసుకుని, "తోలడంలో నేనేం తప్పు చెయ్యలేదు. గేరు బాక్సు ఎవడు కట్టాడో వాణ్ణి అడగండి" అన్నాడు.

ఆ బాక్సు ఎవరు కట్టారో బెంచీల మీదున్న వాళ్ళందరికీ తెలుసు. చర్చి ఆడవాళ్ళ కొట్టులో యాపిల్ పై అనే తీపి రొట్టె కోస్తున్న వెల్డాకీ వినపడింది. ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది.

మా ట్రాక్‌లో ఒక పద్ధతి ఉంది. ఏ సామాను మీద నింద వేశావో దాన్ని అక్కడే, పికప్ వెనక తలుపు మీద దుప్పటి పరిచి, అందరి ముందూ విప్పాలి. బండి తోలేవాడికి కప్పులుంటాయి, కట్టేవాడికి పేరొక్కటే ఉంటుంది. నా బండ్లు కూడా అలా విప్పించాను, ఏనాడూ వెనకాడలేదు.

డెల్మర్ దుప్పటి పరిచాడు. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఆ పూట ఒక్క మాటే అంది.

"విప్పు."

"వేడిగా ఉంది బావా. ఇంటికెళ్ళి విప్పుతా."

"చేతితొడుగులు నా దగ్గరున్నాయి."

"విప్పనన్నానుగా."

అలా అంటున్నప్పుడు ఓరిన్ కుడిచెయ్యి జేబులో ఉంది. నేను గమనించాను. డెల్మర్ కాసేపు ఆ జేబు వంకే చూశాడు. ఒత్తిడి చెయ్యలేదు, పెళ్ళాం చూస్తోంది. దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడిచి పికప్‌లో పడేశాడు.

మర్నాడు చర్చి అయ్యాక వెల్డా ఇంట్లో భోజనానికి ఓరిన్ రాలేదు. ఏ ఆదివారం మానినవాడు కాదు. ఆమె కోడి వేపుడు, మొక్కజొన్న రొట్టె వడ్డించి, తమ్ముడి కుర్చీ ముందు కూడా కంచం పెట్టింది. డెల్మర్ ఆ కంచాన్ని తియ్యమనలేదు. ఆ వారంలోనే ఇద్దరు మనుషులు షెడ్డుకి వచ్చి, అడ్డదిడ్డంగా ఏవో కారణాలు చెప్పి, బాగుచెయ్యడానికిచ్చిన తమ గేరు బాక్సులు పట్టుకుపోయారు. అందులో ఒకడు డెల్మర్ పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు.

ఓరిన్ ఏం చేశాడో తర్వాత అతనే నాకు చెప్పాడు. ఆదివారం పొద్దున చర్చి గంట కొడుతుంటే తన కారు కింద పడుకుని గేరు బాక్సు దించాడు. మూత తీశాడు. పళ్ళు శుభ్రంగా ఉన్నాయి, రింగులు బావ రుద్దినవి రుద్దినట్టే ఉన్నాయి. ఫోర్కు తీసి వెలుగులో పెట్టాడు. ఒక ముఖం కొత్తదానిలా మందంగా ఉంది. నాలుగో గేరు వైపు ముఖం రేకులా పలచబడి, అద్దంలా మెరుస్తోంది. అరచెయ్యి చూసుకున్నాడు. తెల్ల పిడి చూశాడు, చెయ్యి వాలే చోట రంగు పోయి పసుపు తేలింది. ఫోర్కుని మేకుల డబ్బా అడుగున దాచేశాడు. కంచు ముక్కని మేకుల కింద దాచుకునే మనిషినయ్యానా అని అక్కడే నేల మీద కూర్చున్నాడట.

వారం మధ్యలో నా దగ్గరికొచ్చాడు. అలాంటి సామాను విడిగా పెట్టుకునేవాణ్ణి మా లోయలో నేనొక్కణ్ణే.

"పెద్దాయనా, మూడు, నాలుగు గేర్లు మార్చే ఫోర్కు ఒకటి ఉంటుందా?"

"ఉంది. డెల్మర్ దగ్గర లేదా?"

గుమ్మం వంక చూశాడు.

"పాతదేమైంది?" అన్నాను.

జేబులోంచి తీసి నా బల్ల మీద పెట్టాడు. చూడగానే అంతా అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడి, బల్ల మీది గీతల్ని లెక్కపెడుతున్నట్టు తల దించి నిలబడ్డాడు.

"కొత్తది వేసుకుని ఊరుకుందామనా?"

"అలాగే అనుకున్నా. రెండు రోజులు అలాగే అనుకున్నా. అద్దంలో చూసుకోలేకపోతున్నా పెద్దాయనా. గడ్డం కూడా గీసుకోలేదు."

"నాకు చూపించి లాభం లేదు" అన్నాను. అడిగిన సామాను లేదనడం మా వాళ్ళలో లేదు కాబట్టి కొత్త ఫోర్కు ఇచ్చి పంపాను.

ఆఖరి పోటీ అయ్యాక వచ్చే శనివారం కప్పులుండవు, సరదాకి పరుగులు తీస్తారు. జనం మాత్రం వస్తారు. డెల్మర్ తన పికప్ దగ్గర ఒంటరిగా నిలబడ్డాడు. అంతకుముందు శనివారాల్లో ఆ పికప్ చుట్టూ నిలబడే చోటు దొరికేది కాదు. పక్క బండివాడు రాండల్ కేగిల్ గట్టిగానే అన్నాడు: "ఏం డెల్మర్, ఈమధ్య నీ గేర్లు వాటంతటవే సెలవు తీసుకుంటున్నాయట?" కొందరు నవ్వారు. డెల్మర్ శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకున్నాడు.

ఓరిన్ అప్పుడే కారు దిగాడు, మాట విన్నాడు, నవ్వూ విన్నాడు. తన కారు డిక్కీలోంచి దుప్పటి తీసి డెల్మర్ పికప్ తలుపు మీద పరిచాడు. దాని మీద ఆ ఫోర్కు పెట్టాడు. మైకు దగ్గరికి వెళ్ళడానికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఇక అక్కడినుంచే మాట్లాడాడు.

"రాండల్, ఇటు రా. అందరూ రండి. ఇది మా బావ కట్టిన బాక్సులోది. ఇది అరగ్గొట్టింది నా చెయ్యి. చెప్తూనే ఉన్నాడు, నేను వినలేదు. ఆ రోజు విప్పమంటే ఎందుకు విప్పలేదో ఇప్పుడు చూడండి."

ఫోర్కు చేతులు మారింది. ఒక్కొక్కరూ వేలితో పలచటి ముఖం తడిమి పక్కవాడికిచ్చారు. రాండల్ దాన్ని తడిమాక మళ్ళీ డెల్మర్ వంక చూడలేదు. ఓరిన్ అంతసేపూ ఎండలో నిలబడే ఉన్నాడు. కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

చివరికి ఫోర్కు డెల్మర్ చేతికొచ్చింది. చొక్కా జేబులో వేసుకున్నాడు. వెళ్ళి ఓరిన్ కారులోకి వంగి, గేరు రాడ్డు మీది తెల్ల పిడి గిరగిరా తిప్పి ఊడదీశాడు. ఇక మిగిలింది మరలున్న ఇనుప మొన.

"ఇప్పుడు వాల్చరా చెయ్యి, బామ్మర్దీ" అన్నాడు.

ఓరిన్ ఆ మొనతోనే ఆ రోజు పరుగు తీశాడు. రెండు నుంచి మూడుకి అరచేత్తో తోసేసరికి మర చర్మంలో దిగింది. పరుగయ్యాక చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. వెల్డా యాపిల్ పై ముక్క తెచ్చి అతని ఎడమ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు భోజనానికి వచ్చాడని, తల ఎత్తకుండా తిన్నాడని విన్నాను.

గేరు బాక్సులు షెడ్డుకి తిరిగొచ్చాయి. డెల్మర్ ఆ ఫోర్కుని షెడ్డులో మేకుకి తగిలించి, కొత్తగా వచ్చినవాళ్ళకి చూపించేవాడు. "ఒకడి చెయ్యి చేసిన పని" అనేవాడు, పేరు చెప్పేవాడు కాదు. ఓరిన్ అక్కడుంటే మాత్రం ప్రతిసారీ తనే, "ఆ ఒకడు నేనే" అనేవాడు. అలా అన్నప్పుడల్లా చెవులు ఎర్రబడేవి. ఏళ్ళు గడిచినా ఎర్రబడేవి. ఆ తర్వాత అతను నాలుగు కప్పులు గెలిచాడు, నాకంటే ఒకటి ఎక్కువ. ఈ మాట నేను తేలిగ్గా రాయడం లేదు.

డెల్మర్ షెడ్డు మూసేసిన ఏడు, సొరుగులోంచి తెల్ల పిడి తీసి ఓరిన్ ముందు పెట్టాడు.

"పట్టుకెళ్ళు. చాల్లే ఇంక."

ఓరిన్ దాన్ని చూశాడు. అతని అరచేతి నడుమ బటాణీ గింజంత గట్టి మచ్చ ఉండేది. కరచాలనం చేస్తే మాకందరికీ తగిలేది.

"నీ దగ్గరే ఉండనీ బావా" అని చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు.