చింతపండు తిన్న తోపడా

పాత పనిముట్లంటే నాకు పిచ్చి అని మద్రాసు వ్యాసర్పాడిలో మా వరస ఇళ్ళవాళ్ళంతా అనుకునేవాళ్ళు. పిచ్చి కాదు, జాలి. బంగారంలాంటి ఉలిని తుప్పు పట్టించి పారేసినవాణ్ణి పట్టుకుని రెండు తగిలించాలనిపించేది. రైలు వర్క్‌షాపులో నాది వడ్రంగం పని. సెలవు దొరికితే చాలు, రాయపురంలో పాత ఇనుము పరిచే వాళ్ళ ముందు గొంతుక్కూర్చుని, ఓడల్లోంచి వచ్చిన గుట్టలు కెలికేవాణ్ణి. అది యాభైల నాటి మాట.

మాకున్నది ఒకటే గది. గోడకు మూడు పలకలు కొట్టి పనిముట్లు నింపాను. నాలుగో పలకకు మేకు పట్టుకోగానే మా ఆవిడ చీపురు పక్కన పెట్టింది.

"ఇంకొక్క ఇనప ముక్క గడప దాటి లోపలికొచ్చిందా, ఉండేవన్నీ మూటగట్టి పాత సామాన్లోడికి ఏసేస్తా. చెప్పలేదంటావేమో, ఇప్పుడే చెప్తుండా."

ఆవిడ అన్నదంటే చేస్తుంది. చక్రాల్లేని నా సైకిలొకటి అంతకుముందు అలాగే మాయమైంది.

మాట విన్నాను, మూడు నెలలు. ఆ తర్వాత మూడు పనిముట్లు వచ్చాయి. చెక్క చెక్కే బాడిసను పిడకల కింద తోశాను. చెక్కకు బెజ్జాలు వేసే బర్మాను అటక మీది పాత చాపలో చుట్టాను. చిత్రిక పట్టే తోపడాను నా ట్రంకుపెట్టెలో పెళ్ళి పంచె కింద దాచి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

నా ప్రాణమంతా ఆ తోపడా మీదే. ఎవరి అరచేయో ఏళ్ళ తరబడి ఒరుసుకుని దాని కర్ర ఒకచోట నున్నగా గుంటపడింది. అందులో నా చెయ్యి పెడితే కొలిచి చేసినట్టు సరిపోయింది. బ్లేడు మాత్రం ఒట్టి తుప్పు. తుప్పుకు చింతపండు పులుసును మించిన మందు లేదు. రోజూ జాడీలోంచి పిడికెడు కాజేసి, క్యారియరు అడుగు గిన్నెలో పెట్టుకుపోయి, వర్క్‌షాపులో అన్నం వేళ బ్లేడును నానబెట్టి, ఇటికపొడితో రుద్ది, సానబట్టేవాణ్ణి. పదిహేను రోజులకు అది ఉల్లిపొరంత పలచగా చెక్కను లేపడం మొదలుపెట్టింది.

ఆ పదిహేను రోజులూ ఇంట్లో చారు చప్పగా ఉండేది. సిగ్గులేకుండా నేనే అడిగాను.

"ఏం మే, ఇది చారా, వేణ్ణీళ్ళా? చింతపండుకు కరువొచ్చిందా?"

"జాడీలో ఎలక పడిందిలే" అంది ఆవిడ, నా క్యారియరు అడుగు గిన్నెను బూడిదతో తోముతూ.

మర్నాడే ఎలకల బోను తెచ్చిపెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంతలో ఆయుధపూజ వచ్చిపడింది. ఒక్క పనిముట్టు కూడా ఆ రోజు పూజ తప్పకూడదని మా వాళ్ళ నమ్మకం. తప్పితే అది అలిగి, ఏడాది తిరక్కుండా యజమాని చెయ్యి కోస్తుందట. నవ్వేవాళ్ళు నవ్వండి. చేతులతో బతికేవాణ్ణి, నాకు నవ్వు రాలేదు. మూడూ బయటపెడితే అన్నీ పాత సామాన్లోడి పాలవుతాయి. పెట్టకపోతే నా వేళ్ళు పోతాయి.

పలకల మీదివన్నీ కడిగి, పీట మీద పేర్చి, విభూతీ గంధమూ కుంకుమా పెట్టాం. ఆవిడ దీపం వెలిగించి నా వైపు తిరిగింది.

"అన్నీ పెట్టినట్టేనా?"

"అన్నీ పెట్టినట్టే."

"ఒక్కటీ ఇడిసిపెట్టలేదే?"

"ఎందుకు ఇడిసిపెడతా" అన్నాను.

ఆవిడ పూజకు తాలింపేసిన శనగల సుండలు గిన్నె తీసుకుని పక్కిళ్ళకు పంచడానికి పోయింది. నేను కుంకుమ భరిణె అందుకుని పిడకల దగ్గరికి ఉరికాను. దొంగచాటుగా తలా ఒక బొట్టు పెట్టేస్తే సరి అనుకున్నాను.

పిడకలు తీస్తే, బాడిసకు బొట్టు ఉంది. గంధం ఎండిపోయి కూడా ఉంది. అటకెక్కి చాప విప్పాను. బర్మాకు బొట్టుతోపాటు చామంతి పువ్వు. తాళం తీసి ట్రంకుపెట్టె తెరిచాను. తోపడా పంచె మీద పడుకుని ఉంది, మూడు విభూతి పట్టెలు, నడుమ కుంకుమ. పక్కన కాగితంలో చుట్టిన పిడికెడు చింతపండు.

భరిణె పట్టుకుని ఆడనే కూలబడ్డాను. దొరికిపోయానని కాదు, సిగ్గేసింది. నా వేళ్ళ గురించి నాకెంత భయమో ఆవిడకూ అంతే భయం. అందుకే నాకంటే ముందే లేచి మూడు చోట్లకూ తిరిగింది.

గుమ్మంలో ఖాళీ గిన్నెతో నిలబడింది ఆవిడ.

"పూజలో ఉండేదాన్ని రేపటిదాకా ముట్టకూడదని తెలీదా? ముయ్యి పెట్టె."

"తాళంచెవి నా దగ్గరే ఉందే" అన్నాను.

"నీళ్ళు పోసుకునేటప్పుడు ఆడ మేకుకు తగిలిస్తావు గదయ్యా. ఆ పొట్లంలోది పోయినేటి చింతపండు, తుప్పుకు అది చాలు. కొత్తది చారుకు పెట్టుకోనుండా. ఇంక జాడీలో చెయ్యి పెట్టబాకు."

ఆ పూట చారు పుల్లగా, ఘాటుగా ఉంది. రెండుసార్లు పోయించుకున్నాను. చెయ్యి కడుక్కోబోతూ జాడీ పక్కనున్న ఎలకల బోను వైపు చూశాను. దానికీ బొట్టు పెట్టి ఉంది.