గడప ముందు నాలుగు తోలుముక్కలు

తమిళుల ఆడి నెల, శుక్రవారం. వాకిలి కడిగి ముగ్గు వేశాను. ఇడ్లీకి బియ్యం, మినపప్పు నానబెట్టాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. దుప్పట్లు ఉతికి మేడమీద ఆరవేశాను. అవి ఆరకముందే పక్కింటి అత్త పోయిందని ఆమె కోడలు గోడ అవతల నుంచి పిలిచి చెప్పింది. అన్నం తిని కుట్టుపని ముందు కూర్చుందట. దబ్బనం చేతిలో ఉండగానే ప్రాణం పోయింది.

చుట్టరికం లేకపోయినా, తమిళనాట ఉన్న మా పీలమేడు తెలుగు వీధిలో అందరికీ ఆమె అత్తే. ఉడుమలైపేట దగ్గర కొబ్బరితోటల ఊరి నుంచి కోడలిగా వచ్చింది. వీధిలో ఏ ఆడపిల్లకు పెళ్లయినా, పుట్టింటివాళ్ళు సారెగా పంపే సీరు తట్టల్లో అత్త కుట్టిన చిత్రం ఒకటి ఉండేది. బొమ్మలు గీసే కాన్వాస్ కొని, పలచగా రంగు పూసి, ఆరాక దానిమీద కుట్టేది. పట్టుదారం, పూసలు, గవ్వలు, అద్దాలు, పిల్ల తల్లి పాత చీర అంచు, అన్నీ అందులోకి చేరేవి. నా కూతురి చిత్రంలో నెమలి తోకంతా నా ఆకుపచ్చ చీరే.

అత్తకు ఒక పద్ధతి ఉంది. ముందు చిత్రమంతా దబ్బనంతో బెజ్జాలు పొడవాలి. చివరి బెజ్జం అయ్యేదాకా దారం ముట్టుకోకూడదు. నేను తొందరపడితే చేతిమీద ఒక్కటి వేసేది.

"బట్టలో తప్పు పొడిస్తే అది మూసుకొనును కన్నూ. దీంట్లో పొడిస్తే పొడిచినట్లే. ముందు బాగా యోచన చెయ్యి."

"మీరు యోచన చేసేలోగా పిల్లకు బిడ్డ పుట్టును అత్తా."

"పుట్టనీ. దానికీ ఒకటి కుట్టుదాం."

ఇంతమందికి కుట్టిన అత్త తన కూతురికి మాత్రం కుట్టలేదు. ఆ అమ్మాయి తనతో పనిచేసే తమిళ అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుని మదురైలో స్థిరపడింది. "వాని చెప్పు నా వాకిట్లో విడవకూడదు" అన్నాడు మామ. అత్త ఎదురు చెప్పలేదు. ఆ మాట దాటనూ లేదు.

ఏడాదికోసారి గుడికని చెప్పి నన్ను తోడు తీసుకుని మదురై వెళ్ళేది. గుడి చూసుకుని మాట్టుతావణి బస్టాండుకు వచ్చేసరికి కూతురు టిఫిన్ డబ్బాతో అక్కడ కూర్చుని ఉండేది. బస్సుల హారన్ల మధ్య బెంచీ మీదే ముగ్గురం తినేవాళ్ళం.

"ఇంటికి రామ్మా, ఆటోలో పోతే ఇంతలో వచ్చును" అని ప్రతిసారీ అడిగేది.

"మాప్పిళ్ళెను నా ఇంటికి పిలవలేనిదాన్ని, ఆయన ఇంట్లో ఏ మొగం పెట్టుకొని తినేది?" అనేది అత్త. అల్లుణ్ణి ఎప్పుడూ పేరు పెట్టి అనలేదు. అల్లుడుగారన్నట్టు మాప్పిళ్ళె అనే అనేది.

మామ పోయాక, ఇక అడ్డేముందనుకున్నాను.

"ఇంగ ఫోన్ చేసి ఇద్దర్నీ పిలవండి అత్తా."

"వట్టిగా పిలిచేదా? ముందు సీరు పోవాల. ఆ వెనకనే విందుకు పిలవాల. అదే కదా మురై."

"ఈ కాలంలో మురై, మర్యాద అని ఎవురు చూస్తారు?"

"నేను చూస్తాను."

అలా కూతురి చిత్రం మొదలైంది. అప్పటికే చూపు మందగించింది, చెయ్యి వణికేది. ఒక్కో ఆకుకు రోజులు పట్టేవి. నేను కుడతానంటే ఒప్పుకునేది కాదు. కూతురు ఫోన్‌లో ఎప్పుడమ్మా అని అడిగితే, "అయిపోయింది పాపా, వాకిలి ఒకటే మిగిలింది" అనేది. నిరుటి నుంచీ అదే మాట. ఆ వాకిలి మిగిలి ఉండగానే వెళ్ళిపోయింది.

అత్తను తీసుకుపోయేరోజు కూతురు లోపల ఏడుస్తుంటే, అల్లుడు బయట కరెంటు స్తంభం పక్కన ఎండలో నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు.

కర్మలన్నీ అయ్యాక కోడలు ఆ కాన్వాస్‌నూ ఒక రేకు డబ్బానూ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు ఈ పని తెలీదక్కా. మీరే చూడండి."

చిత్రంలో ఉన్నది వాళ్ళ ఇల్లే. కప్పు అత్త పెళ్ళిచీర అంచుతో, మల్లెపందిరి తెల్లపూసలతో కుట్టి ఉంది. తీసి ఉన్న తలుపుకు గొళ్ళెం బదులు మామ చొక్కా గుండీ. గడప ముందు మాత్రం ఖాళీగా, వట్టి బెజ్జాలే ఉన్నాయి. రోజూ పని తెమిలాక కూర్చున్నాను. నా యోచన ఎక్కడా అక్కర్లేకపోయింది. ఆమె పొడిచిన చోటల్లా దారం దూర్చడమే.

డబ్బా అడుగున పాత సంచి నుంచి కత్తిరించిన నాలుగు తోలుముక్కలు ఉన్నాయి. ఆకుల కోసమనుకుని పక్కన పెట్టాను. తర్వాత చూస్తే వాటి అంచులకు కూడా బెజ్జాలున్నాయి. గడప ముందు పెడితే కిందా పైనా బెజ్జాలు కలిశాయి. రెండు చిన్నవి, రెండు పెద్దవి. కుట్టి, పైన వారులకు దారం లాగాక గానీ నాకు అర్థం కాలేదు. అవి చెప్పులు. ఒక ఆడ జత, పక్కనే ఒక మగ జత. ఇద్దరు ఇంట్లోకి వెళుతూ విడిచినట్టు, మొనలు తలుపువైపు.

సీరులో చెప్పుల బొమ్మ ఎవరూ పెట్టరు. అన్ని మురైలూ చూసే అత్త దాన్ని పొడిచి పెట్టింది.

మొన్న మదురై వెళ్ళాను. ఈసారి మాట్టుతావణిలో ఆగిపోకుండా ఆటో ఎక్కాను. అత్త కూతురు చిత్రానికి చుట్టిన కాగితం విప్పి కప్పును తడిమి, "అమ్మ పెళ్ళిచీర" అంది. వేలు కిందికి జరిగి గడప దగ్గర ఆగింది. లోపలున్న భర్తను పిలిచింది. ఆయన వంగి చూశాడు.

"ఇదు ఎన్ సెరుప్పా?" అని తమిళంలో అడిగాడు, ఇవి నా చెప్పులా అని.

"ఆమా" అని నేనే చెప్పాను, అవునని.

ఆయన తోలుముక్క దాకా వేలు తెచ్చి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

తినకుండా పంపమన్నారు. అరిటాకు వేసి వడ్డించారు. సీరు చేరింది. ఇక విందుకు పిలవాల్సిన మనిషే లేదు.

బయటికి వచ్చేసరికి గుమ్మం ముందు వాళ్ళిద్దరి చెప్పులూ పక్కపక్కన ఉన్నాయి, మొనలు ఇంటివైపు. వాటిని కదపకుండా నావి వేసుకుని మెట్లు దిగాను.

అత్త బాకీ తీరింది.