ఓడినాయన మాట్లాడేదాకా

మా కింది ఫ్లాట్ మాస్టారు పోయారు. కంటి ఆపరేషన్‌కని కాకినాడలో కూతురింటికి వెళ్ళారు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవారు మళ్ళీ లేవలేదట. వాళ్ళబ్బాయి మెట్లెక్కి వచ్చి చెప్పినప్పుడు నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. స్టవ్ కట్టేసి అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఆయన నాకు చుట్టం కాదు, చదువు చెప్పలేదు. కానీ మా పిల్లలకి ఈరోజు తండ్రి ఉన్నాడంటే ఆయన వల్లే. పెద్ద మాటే అయినా తగ్గించి చెప్పడం నా వల్ల కాదు.

ఒమన్‌లో మేముంటున్న ఈ సలాలాకి రాకముందు మాస్టారు ఆఫ్రికాలో ఒక దేశంలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పారు. ఆ దేశం పేరు రాయను, మనవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. తర్వాత ఇక్కడి బడిలో పనిచేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరే ఉండిపోయారు. సాయంత్రాలు మా పిల్లలు మెట్ల దగ్గర క్యారమ్స్ ఆడుతుంటే కుర్చీ వేసుకుని చూసేవారు. ఆట అయ్యాక ఎవరు గెలిచారని మాత్రం అడిగేవారు కాదు. "ఓడినవాడు ఏమన్నాడ్రా?" అని అడిగేవారు. ఓడినవాడు కాయిన్లు విసిరికొట్టకుండా "సరే, నువ్వే గెలిచావ్" అంటే జేబులోంచి వేరుశనగ చిక్కీ తీసి వాడి చేతిలో పెట్టేవారు. గెలిచినవాడికి ఏమీ లేదు. మా పెద్దాడు చిక్కీ కోసం కావాలని ఓడిపోవడం మొదలుపెట్టాడు కూడా. ఇదేం చాదస్తమో అని నేను నవ్వుకునేదాన్ని.

మా ఆయన ఇక్కడి రైసూత్ పోర్టులో క్రేన్ల ఇంజినీరు. ఒక ఏడాది ఖరీఫ్‌లో, అంటే సలాలా అంతా తుంపరలో తడిసే ఆ మూడు నెలల్లో, కంపెనీ ఆయన్ని సముద్రం అవతలికి పంపింది. సరిగ్గా మాస్టారు పనిచేసిన దేశానికే. అక్కడి రేవులో కొత్త క్రేన్లు నిలబెట్టాలి. ఆయన వెళ్ళిన కొద్ది రోజులకి అక్కడ ప్రెసిడెంటు ఎన్నికలు వచ్చాయి. జాగ్రత్తండీ అంటే ఫోన్లో నవ్వారు.

"ప్రెసిడెంటు ఎలక్షనేగా. మన రాష్ట్రపతి ఎన్నికలు ఎప్పుడు జరిగాయో నీకు గుర్తుందా?"

నిజమే అనిపించింది. మనకి రాష్ట్రపతి అంటే రిపబ్లిక్ డే నాడు టీవీలో కనిపించే పెద్దమనిషి. ఆ కుర్చీ కోసం ఎవరైనా రాళ్ళు రువ్వుకుంటారా?

మొదటి విడత అయిపోయాక మాస్టారు మెట్ల మీద కనిపించారు. నా నోరు ఊరుకోదు. "ఎవరికీ సగానికి మించి ఓట్లు రాలేదట మాస్టారూ. ముందున్న ఇద్దరికీ మళ్ళీ పోటీ పెడతారట. మీ దేశంలో ఎన్నికలకి ఇంటర్వెల్ కూడా ఉంది" అని వేళాకోళమాడాను. ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు.

"అబ్బాయి ఇంకా అక్కడే ఉన్నాడా అమ్మాయ్?"

"ఉన్నారండి. నెల పని మిగిలిందట."

"రెండో విడత లోపల వచ్చెయ్యమను."

"రాష్ట్రపతి ఎన్నికలకి భయపడి పని వదిలేసి వస్తారా?"

"మన రాష్ట్రపతి లాంటివాడు కాదమ్మా. అక్కడ రాష్ట్రపతీ, ప్రధానమంత్రీ ఒక్కడే. జనం నేరుగా ఆ మనిషికే ఓటేస్తారు. మంత్రుల్ని అతనే తెచ్చి పెట్టుకుంటాడు. మన ప్రధానికి సభలో బలం పోతే దిగిపోవాలి. అతన్ని గడువు తీరేదాకా సభ ఊరికే దింపలేదు, పెద్ద నేరమేదో చేశాడని తేల్చాలి. ఓడినవాడికా, ఏమీ మిగలదు. దింపడం అంత కష్టమైతే ఎక్కేటప్పుడే కదా కొట్టుకుంటారు?" అని, నా ముఖం చూసి కాస్త తగ్గారు. "అన్నిచోట్లా అలా జరగదులే. పెళ్ళి జరిగినట్టు జరిగిపోయే దేశాలూ ఉన్నాయి. అక్కడ నేను చూసింది చెబుతున్నా."

నాకు ఒళ్ళు మండింది. మొగుడు దూరాన ఉన్న మనిషితో ఇలాగేనా మాట్లాడేది అనుకున్నాను. అయినా మా ఆయనకి చెప్పాను. క్రేను సగం నిలబెట్టి రావడం కుదరదన్నారు.

రెండో విడత పోలింగ్ ప్రశాంతంగా జరిగింది. ఆ సాయంత్రమే అక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. నా వాట్సాప్ మెసేజీలు ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. మామూలు ఫోను ఎప్పుడో ఒకసారి కలిసేది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మాస్టారు పొద్దున్నే పైకి వచ్చి టీవీ ముందు కూర్చునేవారు, భోజనానికి దిగి మళ్ళీ వచ్చేవారు. లెక్కింపు సాగుతూనే ఉంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"మీరున్నప్పుడు ఏం జరిగింది మాస్టారూ? దాచకుండా చెప్పండి."

ఆయన టీవీ సౌండు తగ్గించారు.

"మా పక్కింట్లో సైన్సు మాస్టారు ఉండేవాడు. నెల్లూరాయన. ఇలాగే ఇళ్ళల్లో కూర్చున్నాం. రేడియోలో ఫలానాయన గెలిచాడని చెప్పారు. హమ్మయ్య, తేలిపోయిందిగా, పిల్లలకి పాలు తెస్తానని బయల్దేరాడు. నాకూ ఒక రొట్టె పట్రమ్మన్నాను." రిమోట్ పక్కన పెట్టారు. "తేలలేదమ్మా. గెలిచినవాడి పేరు చెప్పారు, అంతే. ఓడినవాడు నోరు విప్పలేదు. వాడి మనుషులు రోడ్ల మీదే ఉన్నారు. పాలకి వెళ్ళిన ఆయన మళ్ళీ రాలేదు."

"ఓట్లు లెక్కపెట్టేస్తే ఎన్నిక అయిపోదమ్మాయ్. ఓడినవాడు ఒప్పుకుంటే అవుతుంది" అని మళ్ళీ టీవీ వైపు తిరిగారు.

మర్నాడు సాయంత్రం ఫలితం చెప్పారు. తేడా చాలా తక్కువ. అంతలోనే ఫోను మోగింది, మా ఆయనే.

"తేలిపోయింది. గొడవేం లేదు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతున్నా, సైట్ కారు కింద రెడీగా ఉంది."

సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. వచ్చెయ్యండి, వచ్చెయ్యండి అంటున్నాను. మాస్టారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"బాబూ, ఓడినాయన మాట్లాడాడా? లేదు కదా. అయితే బూట్లు విప్పు. విప్పి కూర్చో. నా మాట విను, అతను..."

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

"ఆ విమానం తప్పితే బాధ్యత ఎవరిది?" అని అరిచినంత పని చేశాను.

"నాదే" అన్నారు.

కాసేపటికి టీవీలో ఎయిర్‌పోర్టు రోడ్డు చూపించారు. కూడలిలో ఒక తెల్లటి కారు తగలబడుతోంది. సైట్ కార్లన్నీ తెల్లవే. మా ఆయన ఆ మాట విన్నారో, వినకుండానే మెట్లు దిగేశారో మాకు తెలియదు. ఆ రాత్రి గురించి ఏమీ రాయను. కొడుకు ఫోను చేసి పిలిచినా మాస్టారు కిందికి దిగలేదన్నది మాత్రం చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం ఓడినాయన టీవీలోకి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. లెక్కలో మోసం జరిగిందని, కోర్టుకి వెళతానని, తన మనుషులందర్నీ ఇళ్ళకి వెళ్ళిపొమ్మని చెప్పాడు. మాస్టారు ముందుకి వంగి ప్రతి మాటా విన్నారు.

"ఒప్పుకోలేదుగా మాస్టారూ" అన్నాను.

"కోర్టుకి పోతానన్నాడు. ఇళ్ళకి పొమ్మన్నాడు. చాలమ్మా."

గంట తిరక్కుండా ఫోను వచ్చింది. మాస్టారే స్పీకరు నొక్కారు.

"మాస్టారున్నారా అక్కడ? బూట్లు విప్పేశానని చెప్పు" అన్నారు మా ఆయన. "డ్రైవర్ని కూడా పైకి పిలిచి కూర్చోబెట్టా. వాడు ముందు నన్ను చూసి నవ్వాడు. ఇప్పుడు నవ్వట్లేదు."

నేను ఏడుస్తూ, తిడుతూ ఏదేదో మాట్లాడాను. పెట్టేశాక మాస్టారి కాళ్ళకి దణ్ణం పెడదామని చూస్తే సోఫాలో లేరు. వీధి తలుపు దగ్గర ఉన్నారు. అప్పుడు గమనించాను. తలుపుకి తాళం, గడియ, గొలుసు అన్నీ వేసి ఉన్నాయి. వాటికి అడ్డంగా మా డైనింగ్ కుర్చీ ఒకటి ఆనించి ఉంది. ఎప్పుడు పెట్టారో తెలియదు. సలాలాలో, మా వీధిలో, తుంపర తప్ప ఇంకేమీ లేని చోట.

ఆయన కుర్చీ తీసి బల్ల దగ్గర పెట్టారు. గొలుసు, గడియ, తాళం ఒక్కొక్కటే తీసి తలుపు బార్లా తెరిచారు. గుమ్మంలో నిలబడి, పాలూ రొట్టే తీసుకుని ఎవరో పైకి రావలసి ఉన్నట్టు, మెట్ల వైపే చూస్తూ ఉండిపోయారు.