గోలీ పడని సీసా

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు, సోడా ఇచ్చేవాళ్ళు. సూళ్లూరుపేట నుంచి బస్సులో వచ్చి, దిగి, ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే వచ్చే ఊరు మాది. పులికాట్ సరస్సు ఒడ్డు. ఊరంతా పడవలూ వలలూ, మాది ఒక్కటే సోడాల ఇల్లు. ముందు పంచలో మిషను, పెరట్లో సీసాలు కడిగే తొట్టి, నడుమ ఉన్న గదిలో మా తాత, మా నాయన, మా అమ్మ, నేను.

ఇప్పుడు సూళ్లూరుపేటలో మా అమ్మాయి ఇంట్లో నాకిచ్చిన గది నిండా ఆ కాలపు గోలీ సోడా సీసాలే. అందరి అమ్మలూ నగలు దాచుకుంటే మా అమ్మ గాజు పెంకులు దాచుకుంటుందని మా అమ్మాయి దెప్పుతుంది. దెప్పనీ. మద్రాసు నుంచి రైలెక్కి వచ్చి మరీ చూసిపోయేవాళ్ళున్నారు. మనుబోలు దగ్గర హైవే పక్కన పాత ఇనప సామాన్ల కొట్టులో ఒకటి దొరికింది. వెంకటాచలంలో ఎవరో గొడ్లపాకలో ఆముదం పోసి పెట్టుకున్న సీసాను బతిమాలి తెచ్చుకున్నాను. పచ్చగాజువి, లేతనీలానివి, కడుపు మీద ఇంగ్లీషు అక్షరాలు ఉబికి ఉన్నవి. అన్నిటికన్నా పాతవి ఇంగ్లండు సీమ నుంచి ఓడలో మద్రాసు రేవులో దిగినవట. మూతా బిరడా లేకుండా, లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూత వేసే ఉపాయం ఎవరో దొర కనిపెట్టాడని మా తాత చెప్పేవాడు. తర్వాత ఇక్కడి గాజు బట్టీల్లోనే పోశారు. ఆ తర్వాత రేకు మూతలొచ్చాయి, ప్లాస్టిక్ సీసాలొచ్చాయి, వీటి బతుకు అయిపోయింది. మిగిలినవాటిని పిల్లలు గోలీల కోసం పగలగొట్టారు. ఈమధ్య పెద్ద పెద్ద షాపుల్లో మామిడిపండు రుచీ, జామపండు రుచీ అంటూ మళ్ళీ అమ్ముతున్నారు. తాగి చూశాను. చెప్పుకోదగ్గదేం కాదు.

వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు, ఏ సీసా ఎక్కడిదని అడుగుతారు, చెబుతాను. ఇన్ని సీసాలు ఎందుకు పోగేశావని అడిగితే మాత్రం ఏదో ఒకటి చెప్పి మాట దాటేస్తాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఈ వయసులో ఇక కాళ్ళ మీద పడితే మాత్రం ఏమిటిలే అనిపించి ఇవాళ చెబుతున్నాను.

సోడా కొట్టడం చూడనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. సీసాలో నీళ్ళు నింపి, మిషనులో బిగించి చక్రం తిప్పితే సీసా తలకిందులవుతుంది. గ్యాసు లోపలికి పోతుంది, గోలీ జారి మూతి దగ్గరున్న రబ్బరు వాషరును పట్టుకుంటుంది. అంతే, గ్యాసు ఉన్నంత కాలం అది అక్కడే. బొటనవేలితో నొక్కితే కీచుమని అరిచి, కిందికి పడి, సీసా మెడలో ఉన్న నొక్కు మీద కూర్చుంటుంది. అప్పుడప్పుడూ సీసా పేలేది. అందుకే చక్రం తిప్పేటప్పుడు మా నాయన మొహానికి అడ్డంగా గోనెపట్టా కట్టుకునేవాడు. ఆ పట్టా మీదుగా కళ్ళు మాత్రం కనిపించేవి. నాకు ఇప్పటికీ మా నాయన మొహం అంటే ఆ కళ్ళే ముందు గుర్తొస్తాయి.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. రోజూ చివర కొట్టిన సీసాను అమ్మేవాళ్ళు కాదు. చక్రం తిప్పినవాడు చెమట తుడుచుకుని, అరుగు మీద కూర్చుని ఆ సోడా తాగాలి. సీసా పేలకుండా ఆ రోజు గడిచినందుకు అదొక మొక్కు లాంటిది.

ఒక ఏడు పులికాట్ మధ్య దీవిలో జాతర వచ్చింది. మా నాయన సోడా పెట్టెలు పడవలో వేసుకుని బయల్దేరాడు. గాలి అనుకూలంగా ఉంది, తొందరగా రమ్మని పడవ వాళ్ళు కేకలేస్తున్నారు. చివరి సీసా తాగే తీరిక లేకపోయింది. దాన్ని గోడ గూట్లో దేవుడి పటం పక్కన పెట్టి, వచ్చినాక తాగుతానని మా అమ్మతో చెప్పి వెళ్ళాడు. నన్ను ఎత్తుకోలేదు. జాతర నుంచి పూసల దండ తెస్తానని చెప్పాడేమో, చెప్పలేదేమో, నాకు సరిగా గుర్తులేదు. గుర్తుందని అబద్ధం ఎందుకు చెప్పాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి లేచింది. పులికాట్ నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. మా చెక్కపెట్టెలు కూడా కొట్టుకొచ్చాయి. మా నాయన రాలేదు. ఊళ్ళో పడవలన్నీ వెతికాయి. శవమూ దొరకలేదు.

శవం దొరకనప్పుడు దర్భతో బొమ్మ చేసి కర్మకాండ జరిపిస్తారు. ఆ బొమ్మ కాలితేనే ఆ మనిషి పోయినట్టు లెక్క. అప్పుడే భార్య గాజులు తీయించి బొట్టు చెరుపుతారు. బంధువులందరూ కూడి ఆ మాటే ఎత్తారు. మా అమ్మ ఏడవలేదు. గూట్లో సీసా వైపు చెయ్యి చూపించి ఒక్క మాట అన్నది. “ఆయన గ్యాసు పట్టిన సీసా అది. గోలీ నిలబడి ఉన్నన్నాళ్ళూ నా గాజుల జోలికి ఎవురూ రాబాకండి.”

దుఃఖంలో అన్న మాట, నాలుగు రోజులు పోతే గోలీ పడుతుంది, మనిషీ దారికొస్తుంది అనుకున్నారు ఊరి పెద్దలు. గోలీ పడలేదు. వానలు వచ్చాయి, పోయాయి. చలిగాలులు మొదలయ్యాయి. గోలీ అట్లాగే నిలబడి ఉంది. మా ఊరివాళ్ళకు గాలి తెలుసు, అలలు తెలుసు, ఏ చేప ఏ నెలలో ఎక్కడ తిరుగుతుందో తెలుసు. గ్యాసు సంగతి మాత్రం వాళ్ళకేం తెలుసు? ఇదేదో మహిమ అన్నారు. ఆడవాళ్ళు వచ్చి సీసాకు కుంకుమ పెట్టి, వేటకు పోయిన తమ మొగుళ్ళ కోసం దణ్ణం పెట్టుకుని పోయేవాళ్ళు. కర్మ మాట ఎత్తడానికి ఇక ఎవరికీ నోరు రాలేదు. మా నాయన బతికే ఉన్నాడని, ఏ తమిళ రేవులోనో ఒడ్డెక్కి ఉంటాడని ఊరంతా చెప్పుకునేది. నేనూ అదే నమ్మాను. నమ్మడమేమిటి, వచ్చేవాళ్ళకు పీట వేసి పెట్టినంత నిశ్చింతగా ఉన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వచ్చాను. అమ్మ సీసాలు వేయడానికి బస్సు రోడ్డు దగ్గరి కొట్టుకు పోయి ఉంది. పంచలో మా తాత మిషను ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో కుంకుమ బొట్టుతో ఆ సీసా. గోలీ మెడలోకి జారిపోయి ఉంది. తాత నన్ను చూసి కూడా ఆగలేదు. వాషరు మార్చి, మిషనులో బిగించి, ఆ ముసలి చేతులతో చక్రం తిప్పాడు. సీసా బయటికి తీసేసరికి గోలీ మళ్ళీ పైన నిలబడి ఉంది. పంచెతో తుడిచి, చెదిరిన కుంకుమ సరిచేసి గూట్లో పెట్టి, అప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు.

రబ్బరు ఎంత కొత్తదైనా గ్యాసు కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుందనీ, కొన్ని వారాలకు గోలీ దానంతటదే పడిపోతుందనీ ఆ రోజే నాకు తెలిసింది. మా ఇంట్లో ఏ సోడా అన్నాళ్ళు అమ్ముడుపోకుండా ఉండేది కాదు గదా, నాకెట్లా తెలుస్తుంది. మొదటిసారి గోలీ పడినప్పటి నుంచీ తాతే రహస్యంగా నింపుతున్నాడు.

“ఆ పిల్ల గాజులు పగలగొడతా ఉంటే చూసే ఓపిక నాకు లేదమ్మణ్ణీ. మీ అమ్మతో చెప్పబాక,” అన్నాడు.

చెప్పలేదు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్నట్టు, తాత మాటలో ఉన్న దెబ్బ నాకు తగలనే లేదు. నాకు అర్థమైంది వేరే. ఎవరు నింపితేనేం, గోలీ నిలబడి ఉంటే నాయన వస్తాడు, అంతేగా. తాత మా నాయనను కాపాడుతున్నాడనుకున్నాను. ఇంట్లో దీపం ఆరిపోకుండా నూనె పోసినట్టు అనుకున్నాను.

మరుసటి ఎండాకాలానికి తాతకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, అన్నీ పోయాయి. ఎడమ చేత్తో సైగ చేసి, గూడు కనపడేటట్టు మంచం వేయించుకున్నాడు. కళ్ళు తెరిస్తే ఆ సీసా వైపే చూపు. అమ్మ తనే చక్రం తిప్పడం మొదలుపెట్టింది, మొహానికి నాయన గోనెపట్టానే కట్టుకుని. ఇక సీసా ఎవరు నింపుతారు? బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ కూడా దించకుండా గూడు వైపు పరిగెత్తేదాన్ని.

ఒకరోజు పొద్దున లేచి చూసేసరికి గోలీ పడిపోయి ఉంది. తాత ఇంకా నిద్ర లేవలేదు. నేను గోలీ కనపడకుండా సీసాను కుంకుమ ఉన్న వైపు ముందుకు తిప్పి, పటాన్ని కొంచెం అడ్డం జరిపి బడికి పోయాను. ఆ పూట అయ్యవారు చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నాయన అక్కడెక్కడో నీళ్ళలో ఊపిరాడక కొట్టుకుంటున్నట్టే అనిపించింది. అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి ఒకటే పరుగు. వచ్చి చూస్తే గోలీ పైన నిలబడి ఉంది.

తాత లేవలేడు. అమ్మకు ఈ సంగతి తెలియదు. మరి ఇంకెవరు నింపుతారు? నాయన వచ్చేశాడు! అంతకన్నా నాకు వేరే ఆలోచనే రాలేదు. నాయనా, నాయనా అని అరుచుకుంటూ పెరట్లోకి పోయాను, తొట్టి వెనక చూశాను, సరుగుడు చెట్ల దాకా పోయి చూశాను. దాక్కుని నన్ను ఆట పట్టిస్తున్నాడనుకుని నవ్వుకుంటూ కూడా వెతికాను. చివరికి పంచలోకి వచ్చాను. మిషను దగ్గర మా అమ్మ నిలబడి ఉంది. గోనెపట్టా ఇంకా మొహానికే ఉంది. చక్రం పిడి తుడుస్తూ ఉంది.

నా కేకలు విన్నది. పట్టా విప్పి కింద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కుంది. లోపల తాతకు వినపడకుండా, నా చెవిలో మెల్లగా చెప్పింది. “కాపరానికొచ్చిన కాణ్ణించీ సోడా సీసాలతోనే బతకతా ఉండా. గోలీ ఎన్నాళ్ళు నిలబడుద్దో నాకు తెలవదా? మీ తాత నింపతా ఉండాడని ఎప్పుడో తెలుసు. ఆయనకి ఒక్కడే కొడుకు. ఆ బొమ్మ కాలిస్తే ఆయన మిగలడు. ఆయన కోసరమే నేను గమ్మునుండా.”

మరి నాయనో అని అడిగాను.

“రాడు పాపా,” అన్నది. నా తల నిమిరి, “తాతకి చెప్పబాక,” అన్నది.

తాత అమ్మ కోసం, అమ్మ తాత కోసం. వాళ్ళిద్దరికీ మొదటి రోజు నుంచే నిజం తెలుసు. ఆ ఇంట్లో మా నాయన వస్తాడని నిజంగా నమ్మింది నేనొక్కదాన్నే. వాళ్ళిద్దరూ ఎప్పుడో లోలోపల ఏడ్చేసిన ఏడుపును నేను ఆ రోజు, ఆ పంచలో, నోట్లో అమ్మ పైటకొంగు కుక్కుకుని ఏడ్చాను. తాతకు వినపడకూడదు గదా.

తాత ఎక్కువ కాలం బతకలేదు. పోయిన రోజు కూడా గోలీ నిలబడే ఉంది. ఆయన కర్మతో పాటే దర్భబొమ్మ చేసి మా నాయన కర్మ కూడా జరిపించారు. మా అమ్మ తన గాజులు తనే తీసి పక్కన పెట్టింది. పగలగొట్టడానికి వచ్చిన ముసలమ్మలు చేతులు ముడుచుకుని వెనక్కి పోయారు. ఆ సీసాను అమ్మ ఏం చేసిందో నాకు తెలియదు. అడగలేదు. నేను పోగేసిన వాటిలో అది లేదు. నాకు కనపడిన ప్రతి పాత సీసానూ కుంకుమ మరక ఉందేమోనని తిప్పి చూసుకునే అలవాటు మాత్రం పోలేదు. అన్నేళ్ళకు కుంకుమ ఉంటుందా, నా పిచ్చి గాని.

ఆ తర్వాత నేను బంధువుల ఇళ్ళల్లో, ఇరుగుపొరుగు ఇళ్ళల్లో ఎందరో రోగుల మంచాల పక్కన కూర్చున్నాను. తగ్గిపోతుందిలే అని ఇంటివాళ్ళు రోగితో అంటారు, తగ్గుతుందిలే అని రోగి ఇంటివాళ్ళతో అంటాడు. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో బయటివాళ్ళు తేల్చలేరు. అట్లాంటి చోట నిజం చెప్పేస్తామని బయల్దేరే బుద్ధిమంతులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు తెలియదని నువ్వెట్లా అనుకున్నావయ్యా అని అడగాలనిపిస్తుంది.

మా అమ్మ చివరి రోజుల్లో మతి తప్పింది. నన్ను గుర్తుపట్టిన రోజులు తక్కువ. ఒక సాయంత్రం కిటికీ వైపు చూస్తూ, మీ నాయన ఇంకా జాతర నించి రాలేదా అని అడిగింది. గట్టిగానే చెప్పాను, వస్తా ఉండాడమ్మా, పడవ కనపడతా ఉంది అని. ఆమె నా వైపు తిరిగి నా మొహంలోకి చూసింది. తర్వాత నా చెయ్యి అందుకుని, చిన్నపిల్లను సముదాయించినట్టు మెల్లగా తట్టింది. నమ్మి తట్టిందో, నేను నిశ్చింతగా ఉండాలని తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.