బాపు విన్న సన్నాయి

మొన్న బాన్సువాడలో మనవరాలి పెళ్లికి వెళ్తే, పందిట్లో స్పీకరు పెట్టెలోంచి సన్నాయి మోగుతోంది. పక్కనున్న నా ఈడు ఆవిడ బాగుందంది గానీ, ఊదే మనిషి ఊపిరి ఎక్కడా వినబడని ఆ పాట దగ్గర కూర్చోలేక నేను బయటికి వచ్చేశాను.

నా చిన్నతనంలో బిచ్కుంద నుంచీ జుక్కల్ నుంచీ సన్నాయి వాయించేవాళ్లు మా పెరటి కొట్టానికే వచ్చేవారు. తాడుతో తిప్పే తాతల నాటి తరిమెన మీద మా నాన్న, బాపు, చండ్ర కర్రను నున్నగా తిప్పి, లోపల తొలిచి, రంధ్రాలు వేసేవాడు. ఊది చూడడం మా అన్న పని. అన్న తలూపితేనే సన్నాయి ఇల్లు దాటేది. ఆడపిల్ల పెదవి తగలకూడదనేవారు కనుక అప్పటికి నేను చూడడం, వినడమే తప్ప ముట్టుకుని ఎరుగను.

పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో, నాకు పదకొండేళ్లప్పుడు, ఊళ్లోకి గత్తర, అదే కలరా, వచ్చింది. ఒక పొద్దున వాంతులు మొదలైన అన్న మర్నాటికి లేడు. బాపు కొట్టం మూసేశాడు, మాట్లాడడమూ మానేశాడు.

కొన్ని నెలలకు, బాపు మంజీరకు స్నానానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం, అన్న వాయించే తీరు మరిచిపోతున్నానేమోనన్న భయంతో నేను కొట్టంలోకి దూరి, అక్కడున్న సన్నాయి తీసి, అతడి వేళ్లు కదిలిన తీరు తలుచుకుంటూ, అతడు రోజూ ఊదే వరుసను ఊదాను. సందులో బాపు పరుగు వినబడి కర్రల వెనక నక్కాను. ఆయన గడప దాటలేదు. పెరట్లో ఉన్న అమ్మతో, “వచ్చిండే, మన పోరడు వచ్చిండు. ఎవ్వరు లోపలికి పోకుండ్రి, చూస్తే పోతడు” అన్నాడు.

నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మర్నాడే తరిమెన మళ్లీ తిరిగింది. చేసిన ప్రతి సన్నాయికీ నోట పెట్టి ఊదే పీక అమర్చి, కొట్టంలో పెట్టి, బాపు వీధి అరుగు మీద కూర్చుని చెవి ఒగ్గేవాడు. నేను వెనక కంతలోంచి దూరి ఊదేదాన్ని. ఏ రంధ్రం దగ్గర స్వరం తప్పితే అక్కడే కావాలని తడబడి ఆగేదాన్ని. ఆయన ఆ రంధ్రం సరిచేసేవాడు. ఒకసారి అమ్మ నా పెదవుల మీది పీక గుర్తును కొంగుతో తుడిచింది. కొన్నిసార్లు ఊదుతుండగా ఆ ఊపిరి నాది కాదేమోనని నాకే అనిపించేది.

నలభైల మొదట్లో నాకు పెళ్లయి జుక్కల్ వెళ్లాను. నెలలు నిండుతుండగా పుట్టింటికి వస్తే, కొట్టంలో మూడు సన్నాయిలు దుమ్ముపట్టి ఉన్నాయి. బాపు చిక్కిపోయాడు. “నువ్వు పోయినకాడికెల్లి వాడు గూడ వస్తలేడు బిడ్డా. నేనేం తప్పు జేసిన్నో” అన్నాడు.

నిజం చెప్పే బదులు, ఆ మధ్యాహ్నం మళ్లీ కొట్టంలోకి వెళ్లాను. నిండు కడుపుతో, పైగా ఏడుపుతో, ఊపిరి సగంలోనే తెగిపోయింది. రెండోసారీ అంతే. బయట బాపు లేచిన చప్పుడైంది. తర్వాత, “అలసిపోయిండే పోరడు. ఇగ వాణ్ణి పిలువద్దు” అని అమ్మతో అనడం విన్నాను. సాయంత్రం తన చేతులతోనే తరిమెన తాడు విప్పేశాడు. ఆపై పోయేదాకా చెరకు తోటల్లో పనికి వెళ్లాడు. సన్నాయి మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆడపిల్లలు వేదికలెక్కి ఊదుతున్నారు, తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని మురిసిపోతున్నారు. అది చూసినప్పుడల్లా అనుకుంటాను, ఆనాడు కర్రల వెనక నుంచి లేచి నిలబడి ఉంటే బాపు నన్ను కొట్టేవాడో, లేక పక్కన కూర్చోబెట్టుకుని మరో సన్నాయి చేతికిచ్చేవాడో. ఆయన వయసు దాటి ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.