గోడ చదివిన నయీముద్దీన్

“చాచా, నా బిడ్డ ఈ గోడ నాకితె ఏమైతది?”

పెయింటర్ నయీముద్దీన్ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. నలభై ఏళ్లుగా వరంగల్ ఇళ్లకు రంగులేస్తున్న మనిషి. వానకు చెమ్మెక్కుతుందా, పెచ్చులూడుతుందా అని అడిగినవాళ్లను చూశాడు గానీ, నాకుడు సంగతి అడిగిన ఇల్లు ఇదే మొదలు.

“నాకనియ్యకు బిడ్డా. ఉప్పు లేదు, కారం లేదు, ఏం రుచుంటది?”

రమ నవ్వలేదు. ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. పది నెలల కూతురు పాకుతూ అందినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. అందుకే నెల రోజులు పెయింటు డబ్బా మీది అక్షరమక్షరం చదివింది. పిల్లలకు విషమైన సీసం లేదు కదా అని కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేసింది. వాళ్లు ఆమె నంబరు చూసి ఎత్తడం మానేశాకే శాంతించింది.

రంగును మాత్రం సైన్సు ప్రకారం కాకుండా ఫోన్లో వచ్చే వీడియోల ప్రకారం ఎంచుకుంది. ఆలివ్ గ్రీన్. అది వేయని ఇల్లు ఈ ఏడాది ఇల్లే కాదట.

“ఆలివంటె ఏంది?” అన్నాడు నయీముద్దీన్.

“కాయ, చాచా.”

“నువ్వు సూసినవా?”

“పిజ్జా మీద ఉంటది... నల్లగ.”

“మరి నల్ల రంగెయ్యాల్నా?”

రమ ఫోన్లో బొమ్మ చూపించింది. ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు.

“అరె, ఇది పెండ రంగు గద! రఘునాథపల్లిల మా అమ్మ ఇల్లంత గిదే అలికేది. బర్రె ఫ్రీగ ఇచ్చేది.”

వంటింట్లోంచి అత్త సమ్మమ్మ పకపకా నవ్వింది. “నేను మొన్నటిసంది గదే మొత్తుకుంటాన్న. సదువుకున్న కోడలు, పెండను డబ్బాలల్ల కొంటాంది!”

పెండకు ఇంగ్లీషు పేరు పెడితే చాలు, హాల్లోకి రానిస్తారు.

రమ డబ్బా మూత తీయబోతుంటే నయీముద్దీన్ ఆపాడు. కిటికీ చెక్క మీద లేచిన పాత నీలం పెచ్చును చూశాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

“ఇది నేనేసిందే, మీ మామ ఇల్లు కట్టినప్పుడు. అప్పటి ఆయిల్ పెయింట్ల సీసముండేది. పోరి ఏడ ఆడుతది?”

“ఈ కిటికీ కిందనే,” అంది రమ. డబ్బా మీద పీహెచ్‌డీ చేసిందే గానీ, బిడ్డ నెత్తి మీద రాలుతున్నదాన్ని చూడలేదు. “సీసముందని నీకెట్ల తెలుసు చాచా?”

“ముప్పై ఏండ్లు పొడిగ గీకిన, పొడంత మింగిన. దవాఖానల రక్తం పరీక్ష జేసి, సీసం దొరికింది, నీ లోపల గూడ పెయింటు పనే నడుస్తాంది అన్నరు. అప్పటిసంది పొడి లేవకుండ తడిపే గీకుతాన్న.”

బిడ్డనూ సమ్మమ్మనూ పక్కింటికి పంపి, తలుపులు మూసి, ఆయన చెక్కంతా తడిపి గీకాడు. రాలినదాన్ని తడి కాగితంలో చుట్టేశాడు. రమ ఆ రోజే కూతురికి రక్తపరీక్ష చేయించింది. భయం లేదని రిపోర్టు వచ్చేదాకా ఆమెకు అన్నం దిగలేదు. సైన్సు చదివిన తల్లి ఆ రెండు రోజులూ మొక్కని దేవుడు లేడు.

హాలు ఆలివ్ గ్రీన్ అయింది. చూసినవాళ్లంతా భలే ఉందన్నారు, పేరు చెప్పాక.

పాత రంగు ఇంకా గీకని మిగిలిన గదుల కిటికీలను ఇప్పుడు రమే రోజూ పొద్దున, బిడ్డ లేవకముందే తడిబట్టతో తుడుస్తోంది. పోయేటప్పుడు నయీముద్దీన్ చెప్పింది అదే:

“కొత్తదానికి ఫికర్ చేసుడు తర్వాత. ముందుగాల పాతదాన్ని జర సూడు బిడ్డా. పొడిగ ముట్టకు, తడిపి తుడువు.”